స్క్వాట్ల (భుజాల మీద బరువుతో గొంతుక్కూర్చుని లేచే కసరత్తు) కోసం బార్‌ను భుజాల ఎత్తులో నిలిపి ఉంచే స్క్వాట్ ర్యాకులు లేని రోజుల్లో బలశాలులు కాళ్లకు కసరత్తు ఎలా చేసేవారు?

బరువు భుజాల మీదికి ఎక్కించుకోవడమే అప్పట్లో అసలు చిక్కు. దీనికి జర్మన్ బలశాలి మైలో స్టైన్‌బార్న్ పద్ధతి చూడండి. బార్‌బెల్‌ను (రెండు కొసల్లో బరువులున్న కడ్డీ) ఒక కొసమీద నిట్టనిలువుగా నిలబెడతారు. పక్కనే గొంతుక్కూర్చుని, దాన్ని మెల్లగా వీపు మీదికి ఒరగదీసుకుంటారు. బార్ అడ్డంగా సర్దుకునేసరికి మనిషి పూర్తిగా కిందికి కూర్చుని ఉంటాడు. అక్కడి నుంచి లేవాలి! అంటే అన్నిటికన్నా కష్టమైన చోటే మొదలు. దించడం కూడా అలాగే, ఒక పక్కకు వంచి. నడుం మెలిక పడే ప్రమాదం ఎక్కువ కాబట్టి సరదాకి ప్రయత్నించకండి. 1921లో ఆయన అమెరికా వెళ్లాక అక్కడ బరువైన స్క్వాట్ల మీద మోజు పెరిగింది.

1956 ఒలింపిక్ విజేత పాల్ ఆండర్సన్‌ది ఇంకో ఉపాయం. బార్‌ను గోతికి అడ్డంగా నేల మీద ఉంచి, తాను గోతిలో నిలబడితే బార్ ఎత్తుగా ఉంటుంది, కొద్దిగా లేపితే చాలు. రోజులు గడిచేకొద్దీ గోతిలో మట్టి పోస్తూ పోతే, లేపాల్సిన దూరం పెరుగుతుంది. బరువు మాత్రం అదే.

మన పహిల్వాన్లకు ఈ తంటాలే లేవు. గామా లాంటివాళ్లు బస్కీలనే నమ్ముకున్నారు, అదీ వందల్లో కాదు, వేలల్లో తీసేవారని చెబుతారు. వాటితో వచ్చేది ముఖ్యంగా దమ్ము.