పంచాయతీకి భద్రతా సూచనలు ఎలా ఇస్తే పని జరుగుతుంది?

హైవే పక్కనున్న మీ ఊళ్లో ప్రమాదాలు తగ్గడానికి పంచాయతీకి ఏమని సూచించాలి, సూచిస్తే ఎవరైనా పట్టించుకుంటారా అని మీరు అడిగారు. మాది ఉలవపాడు ప్రాంతంలో 16వ నంబరు జాతీయ రహదారిని ఆనుకున్న ఊరు కాబట్టి, మాకు పనికొచ్చిన పద్ధతిని రాస్తున్నాను.

“ఊరికి రక్షణ కల్పించండి” అని రాసిన అర్జీతో ఏ అధికారీ ఏమీ చేయలేరు. ఏ చోట, ఏ వేళ, ఎవరికి, ఏ కారణంగా ప్రమాదం ఉందో చెప్పాలి. మా ఊరి దగ్గర డివైడర్‌కు వదిలిన సందులోంచి సాయంత్రం పూట కూలి పనులకు వెళ్లివచ్చే ఆడవాళ్లు, బడిపిల్లలు రోడ్డు దాటుతారు. ఆ సందుకు రెండువైపులా గన్నేరు మొక్కలు మనిషెత్తు పెరిగిపోవడంతో, కొమ్మల చాటు నుంచి పిల్లవాడు అడుగు బయటపెట్టేదాకా ఒంగోలు వైపు నుంచి వచ్చే లారీ డ్రైవరుకు కనిపించేవాడు కాదు. అంతకుముందు ఊరివాళ్లు ఇచ్చిన అర్జీలన్నీ ఓవర్‌బ్రిడ్జి కోసమే. అది న్యాయమైన కోరికే గానీ, వచ్చేదాకా పిల్లలు రోడ్డు దాటక తప్పదు కదా. అందుకని గ్రామసభలో తీర్మానం చేయించి, దగ్గరి కిలోమీటరు రాయి నంబరు వేసి, మొక్కలను మోకాలెత్తుకు కత్తిరించాలని, అక్కడ లైటు వేయాలని మాత్రమే అడిగాము. మొక్కలు త్వరగానే కత్తిరించారు. లైటు కోసం మాత్రం చాలాకాలం తిరగాల్సి వచ్చింది.

ఆ పని ఎవరిదో ముందే తెలుసుకోండి. హైవే జాతీయ రహదారుల సంస్థది, ఊరి లోపలి వీధి దీపాలు పంచాయతీవి, స్తంభాలు, తీగలు విద్యుత్ శాఖవి. హైవే సంగతైతే 1033కు ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి రసీదు తప్పకుండా తీసుకోండి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పదలచినది ప్రమాదాల నమోదు గురించి. కేంద్ర రవాణా శాఖ నిర్వచనం ప్రకారం, సుమారు 500 మీటర్ల పొడవులో మూడేళ్లలో ప్రాణనష్టం గాని తీవ్ర గాయాలు గాని జరిగిన ప్రమాదాలు 5 ఉన్నా, మొత్తం 10 మంది చనిపోయినా ఆ చోటును బ్లాక్‌స్పాట్‌గా, అంటే ముందుగా సరిచేయాల్సిన ప్రమాదకరమైన చోటుగా గుర్తిస్తారు. ఈ లెక్క పోలీసు రికార్డుల నుంచే వస్తుంది. మన ఊళ్లలో కాలు విరిగినా పెద్దమనుషుల మధ్య రాజీ చేసుకుని, ఆసుపత్రి ఖర్చు తీసుకుని ఊరుకుంటారు. దాంతో ఎంతమంది గాయపడినా కాగితం మీద ఆ చోట ఏమీ జరగనట్టే ఉంటుంది. దెబ్బతిన్న కుటుంబానికి డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. అయినా కేసు నమోదు కాకపోతే రేపు అదే చోట మరొకరి బిడ్డ పడిపోతాడు.

కాబట్టి మీ పంచాయతీకి ఇవ్వవలసిన మొదటి సూచన, గ్రామ సచివాలయంలో ప్రమాదాల రిజిస్టరు పెట్టి, తేదీ, సమయం, స్థలం, కారణం మహిళా పోలీసు చేత రాయించడం. ఏటా దాని నకలును కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పంపాలని మీ పంచాయతీ తీర్మానంలోనే రాయించండి.