నేలపట్టులో ఫ్లెమింగోలు ఉంటాయా?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్దామనుకుంటున్నాం. ఫ్లెమింగోలు దగ్గరగా కనిపిస్తాయా? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఫ్లెమింగోల కోసమైతే పులికాట్ సరస్సుకు వెళ్లండమ్మా, నేలపట్టు గూడబాతులది (అదే, పెలికాన్లది). నెల్లూరు నుంచి చెన్నై హైవేలో దొరవారిసత్రం దగ్గర పక్కకు తిరగాలి (2022 నుంచి అది తిరుపతి జిల్లాలో ఉంది లెండి). చెరువు నీళ్లలోనే నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూళ్లుంటాయి, పెద్ద పక్షి పులికాట్‌లో చేపలు పట్టుకొచ్చి నోరు తెరిస్తే పిల్ల దాని గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటుంది, మీ పిల్లలు అక్కణ్నుంచి కదలరు. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి ఎరువులా పనిచేస్తాయని రైతులకు మహా ఇష్టం. పొద్దున్నే వెళ్లండి. బైనాక్యులర్స్ మరవద్దు, స్పీకర్ మాత్రం ఇంట్లోనే పెట్టండి.