శుక్రవారం రాత్రి డాలీమౌంట్‌కు ఎవరు వెళ్తారు?

విదేశాల్లో చదువుకుంటున్న మన జిల్లాల పిల్లలు వారాంతాలు ఎలా గడుపుతారో చెబుతూ గత సంచికలో వేసిన రచనలో, ఐర్లండ్ ఫుట్‌బాల్ ప్రస్తావన రెండు వాక్యాల్లో ముగిసిపోయింది. ఆ రెండు వాక్యాలను పట్టుకుని మూడు ఉత్తరాలు వచ్చాయి కనుక ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి డబ్లిన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. ఫిబ్స్‌బరో అనే పేటలో నలుగురితో కలిసి ఇల్లు తీసుకున్నాడు. వారం విడిచి వారం శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్తున్నాడు. మొన్న ఫోన్‌లో చూపించాడు: ఇళ్ల మధ్య ఇరుకు సందు, సందు చివర పాత గేటు, లోపల ఎరుపు నలుపు కండువాలు మెడకు చుట్టుకుని వానలో నిలబడి పాడుతున్న జనం. ఆట మాత్రం నా కంటికే అంత గొప్పగా ఆనలేదు. ఇంగ్లండ్ లీగ్ ఇంట్లో టీవీలో వస్తుంటే, డబ్బు పెట్టి ఈ చిన్న లీగ్ చూడటానికి అంతమంది ఎందుకు వెళ్తారు? ఇంకొక మాట: సంక్రాంతికి వస్తానన్న పిల్లవాడు మ్యాచ్ ఉందని ఆగిపోడు కదా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీరు అడిగిన మొదటి ప్రశ్నను డబ్లిన్ వాళ్లే యాభై ఏళ్లుగా ఒకరినొకరు అడుగుతున్నారు, అదీ మీకన్నా కటువుగా. లీగ్ ఆఫ్ ఐర్లండ్ 1921లో ఎనిమిది క్లబ్బులతో మొదలైంది. ఆ ఎనిమిదీ డబ్లిన్‌వే. మీ అబ్బాయి వెళ్తున్న డాలీమౌంట్ పార్కులో ఒకప్పుడు నలభై వేలకు పైగా జనం కిక్కిరిసిన రోజులు ఉన్నాయి. ఇప్పుడు అక్కడికి అనుమతించేది నాలుగు వేల చిల్లర మందిని మాత్రమే. మధ్యలో జరిగింది టెలివిజన్. పక్క దేశపు పెద్ద క్లబ్బుల ఆట ఇంట్లోకే రావడం మొదలయ్యాక, ఐరిష్ కుటుంబాలు తరతరాలుగా మాంచెస్టర్‌కో లివర్‌పూల్‌కో అభిమానులై, సెలవు దొరికితే విమానమెక్కి అక్కడికే వెళ్లి చూసి రావడం అలవాటు చేసుకున్నాయి. రెండో వైపు నుంచి ఐర్లండ్ సొంత సంప్రదాయ ఆటలైన గేలిక్ క్రీడల పోటీ ఉంది. వాటి ప్రధాన మైదానమైన క్రోక్ పార్కులో 82,300 మంది పడతారు. పైగా ఆ క్రీడలను నడిపే సంఘం సభ్యులు ఫుట్‌బాల్ వంటి 'పరాయి ఆటలు' ఆడటమే కాదు, చూడటానికి వెళ్లడం కూడా నిషిద్ధమన్న నియమం 1971 వరకు అమలులో ఉంది. ఇటు టీవీ, అటు గేలిక్ ఆటలు పంచుకోగా మిగిలిన జనమే ఈ లీగ్‌కు దక్కారు.

జనాన్ని తిరిగి రప్పించడానికి క్లబ్బులు మొదట పట్టుకున్న ఉపాయం పెద్ద పేర్లు. మాంచెస్టర్ యునైటెడ్‌లో వెలిగిన జార్జ్ బెస్ట్ అంతటి ఆటగాడిని 1975 చివర్లో కార్క్ సెల్టిక్ అనే క్లబ్బు తెచ్చుకుంది. ఆయన మూడే లీగ్ మ్యాచ్‌లు ఆడి, ఒక్క గోలూ చేయకుండా వెళ్లిపోయాడు. మరుసటి ఏడు ఇంగ్లండ్ మేటి ఆటగాడు బాబీ చార్ల్టన్ కొద్ది మ్యాచ్‌ల కోసం వాటర్‌ఫర్డ్ క్లబ్బుకు వచ్చాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో బట్టల దుకాణం ప్రారంభానికి సినిమా తార వచ్చిన రోజు జనం ఎలా విరగబడతారో మనం చూస్తూనే ఉంటాం. ఆ మర్నాడు లోపలికి వచ్చి చీర విప్పించి చూసేవాళ్లు ఎందరో ఆ దుకాణం యజమానికే తెలుస్తుంది. ఐర్లండ్‌లోనూ అంతే జరిగింది.

మరి ఇప్పుడు వస్తున్నవాళ్లు దేనికి వస్తున్నారన్నది చెప్పే ముందు ఒక సొంత జ్ఞాపకం చెప్పుకుంటాను. మాది కందుకూరు పక్క పల్లె. తిరునాళ్లకు ఎడ్ల బండలాగుడు పోటీలు పెట్టేవారు. మా ఊరి జత ఏనాడూ మొదటి బహుమతి తెచ్చిన పాపాన పోలేదు. అయినా ఆ జత వంతు వచ్చేదాకా ఊళ్లో ఒక్కరు కూడా ఇంటిదారి పట్టేవారు కాదు. బండ కదిలిన దగ్గర నుంచి ఈలలు, కండువాలు గాల్లోకి ఎగరడం, బరి వెంబడి దుమ్ములో పిల్లల పరుగులు. గడువు ముగిశాక మైకులో దూరం అడుగులు, అంగుళాలతో సహా చదువుతుంటే చెవులు రిక్కించి వినడం. బయటి జిల్లా నుంచి వచ్చిన కోడెలు అంతకు రెట్టింపు దూరం లాగినా, అబ్బో అనుకునేవాళ్లం తప్ప గొంతు చించుకునేవాళ్లం కాదు. ఎందుకంటే మా జతకు దాణా పెట్టిన చెయ్యి ఎవరిదో మాకు తెలుసు.

డాలీమౌంట్‌లో మీరు చూసింది దాదాపు ఇదే. అక్కడి బొహీమియన్స్ క్లబ్బు 1890లో పుట్టింది. దానికి యజమాని అంటూ ఒక ధనికుడు లేడు, చందా కట్టే సభ్యులే యజమానులు, ఎవరికైనా ఒకటే ఓటు. సందులో మీ అబ్బాయి పక్కన నడిచి వెళ్తున్న మనిషి ప్రేక్షకుడు మాత్రమే కాదు, గేటు దగ్గర టికెట్లు చించే పనికి ఆ వారం తన వంతు వచ్చిన వాటాదారు కూడా అయి ఉండవచ్చు. స్లైగో రోవర్స్ కూడా ఆ ఊరి జనానిదే. కార్క్ సిటీ 2010లో మునిగిపోయే స్థితికి వచ్చినప్పుడు అభిమానుల ట్రస్టు దాన్ని చేతుల్లోకి తీసుకుని పన్నెండేళ్లు నడిపింది. ఆ నడుమనే, 2017లో, లీగ్‌నూ కప్పునూ ఒకే ఏడు గెలిచింది.

సభ్యులదే క్లబ్బు అయితే దాని ముఖం కూడా వేరుగా ఉంటుంది. బొహీమియన్స్ వాళ్లు 2020లో తమ జెర్సీ మీద శరణార్థులకు స్వాగతం పలికే మాట, పారిపోతున్న ఒక కుటుంబం బొమ్మ వేయించారు. దానికి దేశదేశాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. అంతకుముందు, 1980లో బాబ్ మార్లీ ఆ మైదానంలోనే కచేరీ చేసిన జ్ఞాపకంగా ఆయన బొమ్మతో జెర్సీ తేబోతే, ఫొటో హక్కుల చిక్కు వచ్చి వెనక్కు తీసుకోవలసి వచ్చింది. సంగీతం కోసం, రాజకీయం కోసం, జెర్సీ కోసం వచ్చి ఆట దగ్గర ఆగిపోయిన యువకులు ఈ పదేళ్లలో ఆ సందులో చాలామంది కనిపిస్తారు. పాతవాళ్లు దీన్ని చూసి కొంచెం ముఖం చిట్లిస్తారనుకోండి. అయినా నిండిన మెట్ల మీద నిలబడి ముఖం చిట్లించడం, ఖాళీ మెట్ల మీద నిట్టూర్చడం కన్నా మేలే.

జనాన్ని రప్పించేది ఏమిటో తెలియాలంటే, అది పోయినప్పుడు ఏం జరిగిందో చూడాలి. షామ్‌రాక్ రోవర్స్ ఐర్లండ్‌లో అత్యధిక లీగ్ టైటిళ్లు గెలిచిన క్లబ్బు. వరసగా నాలుగు లీగ్‌లు గెలిచిన జోరులో ఉండగా, 1987లో, ఆనాటి యజమానులు మిల్‌టౌన్‌లోని మైదానాన్ని అమ్మకానికి పెట్టి, జట్టును నగరం ఉత్తరాన ఉన్న టోల్కా పార్కుకు మార్చారు. జట్టు అదే, ఆటగాళ్లలో ఎక్కువమంది వాళ్లే. అయినా అభిమానులు లోపలికి వెళ్లకుండా బహిష్కరించారు. మిల్‌టౌన్‌లో ఇళ్లు లేచాయి; ఇప్పుడు అక్కడ మిగిలింది ఒక స్మారక చిహ్నం. ఇరవై రెండేళ్లపాటు ఆ క్లబ్బు పరాయి మైదానాల్లో తలదాచుకుంది. 2005లో అప్పుల్లో కూరుకుపోయినప్పుడు అభిమానుల సంఘమే ఆదుకుంది. చివరికి 2009లో నగరం నైరుతి అంచున టాలట్‌లో స్థానిక కౌన్సిల్ కట్టించిన స్టేడియం వాళ్లకు ఇల్లయింది. ఆ మరుసటి ఏడే, పదహారేళ్ల తర్వాత మళ్లీ లీగ్ గెలిచారు. 2011లో యూరప్ దేశాల క్లబ్బులు తలపడే యూరోపా లీగ్ గ్రూపు దశకు చేరిన తొలి ఐరిష్ క్లబ్బూ అదే. యూరప్ విజయాల వల్లనే జనం పెరిగారని క్రీడా పత్రికలు రాస్తుంటాయి. నా లెక్కలో ఇల్లు ముందు, విజయం తర్వాత.

డెరీ కథ ఇంకా గట్టిది. ఆ నగరం ఉన్నది ఉత్తర ఐర్లండ్‌లో, అంటే బ్రిటన్ ఏలుబడిలో. అక్కడి అల్లర్ల కాలంలో ఇతర జట్లు బ్రాండీవెల్ మైదానానికి రావడానికి జంకడంతో, డెరీ సిటీ తన సొంత మ్యాచ్‌లను ముప్పై మైళ్ల దూరంలోని కోల్‌రేన్‌కు వెళ్లి ఆడవలసి వచ్చింది. అలా ఎంతో కాలం సాగక 1972లో ఉత్తరపు లీగ్‌ను వదిలేసింది. పదమూడేళ్లు ఆ నగరానికి పెద్ద ఫుట్‌బాల్ లేదు. 1985లో సరిహద్దు దాటి దక్షిణపు లీగ్‌లో, అదీ రెండో అంచెలో చేరినప్పుడు బ్రాండీవెల్‌కు జనం పోటెత్తారు. 1989లో ఆ జట్టు లీగ్, కప్పు, లీగ్ కప్పు మూడూ కలిపి గెలిచింది. పదమూడేళ్లు నోరు కట్టేసుకున్న ఊరికి, వచ్చింది రెండో అంచె ఆటే కదా అన్న బెంగ ఏముంటుంది?

ఇక ఈమధ్య సంగతి. కోవిడ్ కాలంలో గేట్లు మూసి ఆడించిన మ్యాచ్‌ల తర్వాత, తెరచిన గేట్ల దగ్గర వరుసలు మునుపటికన్నా పొడవయ్యాయి. 2023 కప్పు ఫైనల్‌కు డబ్లిన్‌లోని అవీవా స్టేడియంలో 43,881 మంది వచ్చారు. 2025 ఫిబ్రవరిలో అక్కడే బొహీమియన్స్, షామ్‌రాక్ రోవర్స్ తలపడిన లీగ్ మ్యాచ్‌కు 33,208 మంది. దేశం మొత్తం జనాభా 50 లక్షల పైచిలుకు అని గుర్తుంచుకుని ఈ అంకెలు చదవాలి. టికెట్ ధర పెద్దలకు ఇంచుమించు 15 నుంచి 20 యూరోలు. మన రూపాయల్లోకి మార్చి చూస్తే మీకు గుండె దడ పుడుతుంది గానీ, విమానమెక్కి మాంచెస్టర్ వెళ్లి చూసి వచ్చే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

ప్రశ్న: నేను వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. బాగా ఆడే ప్రతి ఐరిష్ కుర్రాడూ ఇంగ్లండ్ వెళ్లిపోతాడని విన్నాను. మంచివాళ్లంతా వెళ్లిపోయాక చూడటానికి ఏం మిగులుతుంది?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీరు విన్నది చాలాకాలం నిజమే. పాల్ మెక్‌గ్రాత్ సెయింట్ ప్యాట్రిక్స్ అథ్లెటిక్ నుంచి 1982లో మాంచెస్టర్ యునైటెడ్‌కు, రాయ్ కీన్ కోవ్ రాంబ్లర్స్ నుంచి 1990లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వెళ్లారు. షేమస్ కోల్‌మన్‌ను ఎవర్టన్ 2009లో స్లైగో నుంచి కేవలం 60,000 పౌండ్లకు పట్టుకుపోయింది. వీళ్లు కనీసం లీగ్‌లో ఆడి వెళ్లారు; పదహారేళ్లకే ఓడ ఎక్కినవాళ్లు వందల్లో ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది నాలుగేళ్లలో ఇంటికి తిరిగి వచ్చినవాళ్లే.

బ్రెగ్జిట్ దీన్ని మార్చింది. మైనర్ల బదిలీపై అంతర్జాతీయ నియమం ప్రకారం, ఐరోపా సమాఖ్య లోపల మాత్రమే 16 ఏళ్లు నిండినవారికి మినహాయింపు ఉంది. బ్రిటన్ సమాఖ్యను వదలడంతో 2021 నుంచి 18 నిండని ఐరిష్ కుర్రాడిని అక్కడి క్లబ్బులు చేర్చుకోలేవు. ఆ రెండేళ్లూ ఇప్పుడు ఈ లీగ్‌కు దక్కాయి. అప్పుడు సెయింట్ ప్యాట్రిక్స్‌లో ఆడుతున్న మేసన్ మెలియాను తీసుకోవడానికి లండన్ క్లబ్బు టాటెన్‌హామ్ 2025 ఫిబ్రవరిలో ఈ లీగ్ చరిత్రలోనే పెద్ద మొత్తానికి ఒప్పుకున్నా, 2026 జనవరి వరకు ఆగవలసి వచ్చింది. సెయింట్ ప్యాట్రిక్స్ మైదానం ఉన్న డబ్లిన్‌లోని ఇంచికోర్ పేటవాళ్లు ఆ ఏడాదంతా అతన్ని శుక్రవారం శుక్రవారం దగ్గరగా చూశారు. మీ బడిలో మీరు పరుగు నేర్పిన పిల్లవాడు రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యే ముందు ఏడాది ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారు: ఇంగ్లండ్‌లో చెల్సీకి ఆడిన డేమియన్ డఫ్ డబ్లిన్ క్లబ్బు షెల్‌బర్న్‌కు శిక్షకుడై, 2006 తర్వాత మళ్లీ 2024లో ఆ క్లబ్బుకు లీగ్ తెచ్చిపెట్టాడు.

ప్రశ్న: ఐర్లండ్‌లో ఎప్పుడూ వానే అంటారు. పై కప్పు లేని గ్యాలరీల్లో జనం ఎలా కూర్చుంటారు? ఏ నెలల్లో ఆడతారు?
— ఒక విద్యార్థి, ఉదయగిరి

జవాబు: చాలామంది కూర్చోరు, నిలబడతారు. ఒకప్పుడు ఇంగ్లండ్ లాగా చలికాలమంతా ఆడేవారు. 2003లో దాన్ని వేసవికి మార్చి మంచి పని చేశారు: మైదానాలు బురద గుంటలు కాకుండా ఉంటాయి, ఇంగ్లండ్ లీగ్‌కు సెలవైన జూన్, జూలై నెలల్లో పోటీ ఉండదు, యూరప్ అర్హత మ్యాచ్‌ల సమయానికి ఆటగాళ్లు ఊపులో ఉంటారు. మ్యాచ్‌లు ఎక్కువగా శుక్రవారం రాత్రి 7:45కు మొదలవుతాయి. జూన్‌లో అక్కడ పది గంటలకు గానీ చీకటి పడదు కనుక, ఫ్లడ్‌లైట్లు వెలుగుతున్నా ఆకాశంలో ఇంకా వెలుతురు ఉండగానే ఆట ముగుస్తుంది.

కావలి పాఠకురాలికి బాకీ ఉన్న జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. సీజన్ ఫిబ్రవరిలో మొదలై నవంబరు మొదట్లో ముగుస్తుంది. సంక్రాంతికి అక్కడ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఉండదమ్మా. మీ అబ్బాయి రాలేనంటే, కారణం ఫుట్‌బాల్ కాదు, ఇంకేదో అడిగి చూడండి.