పదేళ్లు తరంగం కోసం ఆగిన రేడియో

ప్రశ్న: జహీరాబాద్ దగ్గరి మాచనూరు సంఘం రేడియో 1998లో మొదలైందని ఒకచోట, 2008లో అని మరోచోట చదివాను. ఏది నిజం? మాది కూడా పాత మెదక్ జిల్లాయే కదా, మాకెందుకు వినిపించదు?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: రెండు సంవత్సరాలూ నిజమే. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన మహిళా సంఘాల కోసం, యునెస్కో సాయంతో స్టూడియో ఏర్పడింది 1998లో, 90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారం మొదలైంది మాత్రం 2008 అక్టోబర్ 15న. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినా, ప్రభుత్వం ఎఫ్‌ఎంను ముందు వేలంపాటలో వ్యాపార సంస్థలకు ఇచ్చింది. 2002 చివర్లో వచ్చిన కమ్యూనిటీ రేడియో (ఒక ప్రాంతం వాళ్ల కోసం లాభాపేక్ష లేకుండా నడిపే చిన్న రేడియో) విధానం విద్యాసంస్థల దగ్గరే ఆగిపోయింది. స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరుచుకున్నది 2006 నవంబర్‌లో.

అనుమతి లేని ఆ పదేళ్లలో స్టూడియోకు తాళం పడలేదు, నన్నడిగితే ఈ చరిత్రలో అసలు ముచ్చట అదే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు రికార్డింగు, ఎడిటింగు నేర్చుకుని, జొన్న, కొర్ర, సామ పంటల గురించీ, విత్తనం దాచుకునే పద్ధతుల గురించీ, నాటు వైద్యం గురించీ ఊళ్లలోని ఆడవాళ్లను మాట్లాడించి, పాడించి, ఆ క్యాసెట్లను సంఘం సమావేశాల్లో టేప్‌రికార్డర్‌లో పెట్టి వినిపించారు. వినేవాళ్లకు ఆ గొంతు ఎవరిదో తెలుసు. అందులోని తెలుగు పుస్తకాల తెలుగు కాదు, ఆ పక్క చేనులో వినిపించే తెలుగే. కాబట్టి 2008 నాటికి కొత్తగా వచ్చింది ట్రాన్స్‌మిటర్ ఒక్కటే, కార్యక్రమాలు కావు. దాన్ని ప్రారంభించినవారు 1995 నాటి తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ కావడం ఎంతో సముచితం. విద్యాసంస్థల ఆవరణ బయట, ఒక పౌర సంస్థ నడిపిన తొలి కమ్యూనిటీ రేడియోగా దేశంలో దీనికి పేరుంది. తొలినాళ్లలో రాత్రి 7 నుంచి 9 వరకు, అంటే పొలం పని, ఇంటి పని తీరాక, ప్రసారం ఉండేది. సొంతంగా వార్తలు చెప్పడానికి మాత్రం నిబంధనలు ఒప్పుకోవు. చినుకు ఎప్పుడు పడితే ఏ విత్తనం వేయాలో చెప్పగలిగిన రేడియో, జిల్లాలో నిన్న ఏం జరిగిందో చెప్పకూడదన్నమాట!

ఇక మీకు వినిపించకపోవడంలో వింతేమీ లేదు. సాధారణంగా కమ్యూనిటీ రేడియోకు అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లు, యాంటెనా స్తంభం ఎత్తు 30 మీటర్లు. ఆ తరంగం చుట్టుపక్కల ఊళ్ల వరకే అందుతుంది. సిద్దిపేట దాకా రాదు.