పారిస్‌లో ఆ ఇంటికి అసలు వయసెంత?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మమ్మల్ని కార్నవాలే మ్యూజియం చూడ్డానికి తీసుకెళ్లాడు. ఒకప్పుడు గొప్పవాళ్ల సొంత ఇల్లట, 1548లో కట్టడం మొదలుపెట్టారట. కానీ ఏ గదికి ఆ గది వేరే కాలంలా ఉంది. అందులో అసలు పాత ఇల్లు ఏది? ఇంకొకటి. ఊళ్లో మా మండువా ఇంటి ముందు వసారా మీద రెండు గదులు వేయాలని మా మరిది పట్టుబడుతున్నాడు. వేయొచ్చంటారా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, గదులు చూసి ఆ ఇంటి వయసు కట్టలేం. ముంగిట్లోనే తేలుతుంది. లూయీ 14 కంచు విగ్రహం చూసే ఉంటారు. అక్కడ గేటుకి వీపు పెట్టి నిలబడితే ఎదురుగా నాలుగు రుతువుల శిల్పాలున్న గోడ కనిపిస్తుంది. జాక్ దే లిన్యెరి అనే న్యాయాధికారి కట్టించిన పాత ఇల్లు అదే. ఆ బొమ్మలు జాన్ గుజాన్ శిల్పశాల పని అంటారు.

వీధి గేటు, రాళ్లు పరిచిన ముంగిలి, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక తోట. పారిస్ ప్రభువుల ఇళ్లకి తర్వాత రెండు వందల ఏళ్లు ఇదే పద్ధతి. మన మండువాలో ఆకాశం ఇంటి నడిమధ్య ఉంటే, వాళ్లకి ఇంటి ముందుంటుంది. గుర్రబ్బండి లోపలికొచ్చి తిరగాలి కదా, వీధి గోల కూడా పడకగది దాకా రాదు.

1660 ప్రాంతంలో ఫ్రాంస్వా మాన్సార్ అనే వాస్తుశిల్పి చేయి పడింది. వీధి వైపు భాగం మీద అంతస్తు లేపాడు, పక్క రెక్కల్నీ ఎత్తు చేశాడు. గేటు దగ్గరున్న పాత శిల్పాల జోలికి మాత్రం వెళ్లలేదు. నాకు ఆయన కట్టినదానికంటే ఆ వదిలేయడమే గొప్పగా అనిపిస్తుంది. తర్వాత ఉత్తరాలు రాసి పేరు తెచ్చుకున్న మదాం ద సెవిన్యే 1677 నుంచి 1696 దాకా అక్కడ ఉంది. అద్దెకే లెండి, అయినా ఇప్పుడు ఆ వీధికి ఆవిడ పేరే.

మీకు తికమక పెట్టింది దీని తర్వాతి కథ. 1866లో పారిస్ నగరపాలక సంస్థ ఆ ఇల్లు కొన్నది. కొనిపించింది ఓస్మాన్ అనే ప్రభుత్వాధికారి. పెద్ద రోడ్ల కోసం పాత పారిస్‌ని పడగొట్టిస్తున్న మనిషే, నగర చరిత్రకి మ్యూజియం కావాలన్నాడు! 1880లో అది తెరిచారు. తోట వైపు కొత్త రెక్కలు కట్టి, వేరే చోట కూల్చిన భవనాల ముఖభాగాల్ని రాయి రాయి తెచ్చి వాటికి అతికించారు. బట్టల వర్తకుల సంఘం భవనం ముఖం అలా వచ్చిందే. సేన్ నది దీవిలోని నజరేత్ ఆర్చీ కూడా అంతే. లోపల లెబ్రన్ బొమ్మలు గీసిన పైకప్పులు ఇంకో భవంతివి. ముషా అనే చిత్రకారుడు డిజైన్ చేసిన నగల షాపు 1901 నాటిది, దాన్ని మొత్తంగా తెచ్చి పెట్టారు. 1989లో పక్కనున్న ల పెల్తియే భవంతినీ కలిపేశారు. మధ్యలో బడి అడ్డమొస్తే, దాని మీదుగా పై అంతస్తులో దారి వేశారు. కాబట్టి మీ కళ్లు మిమ్మల్ని మోసం చేయలేదు.

ఇక మీ మరిది గారి గదులు. మాన్సార్ చేసిందీ అదే పని, తప్పేమీ లేదు. కాకపోతే వాళ్లవి మందపు రాతిగోడలు. మీ వసారా బరువు చెక్క స్తంభాల మీద ఉంటే, పైన స్లాబు మాట మర్చిపోండి. ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో పునాది దగ్గర గొయ్యి తీయించి చూపించండి, మేస్త్రీ మాట ఒక్కటే చాలదు. గదులు తప్పదనుకుంటే పెరటి వైపు విడిగా కట్టుకోండి. పాత సున్నపు గోడలకి సిమెంటు పూత మాత్రం వద్దు. చెమ్మ బయటికి రాలేక లోపల ఇటుక పొడి రాలుతుంది. సున్నంతోనే పూయించండి.