టొరెంట్‌లో సినిమా దించుకోవడం నేరమేనా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి కొత్త సినిమాలను టొరెంట్‌లో దించుకుంటున్నాడు. మందలిస్తే, ‘నేనేమీ అమ్ముకోవడం లేదు, చూసి తీసేస్తున్నాను’ అంటున్నాడు. దీనిపై చట్టం ఏమంటుంది? సినిమావాళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌నే ఎందుకు నిషేధింపజేయలేకపోతున్నారు? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ అబ్బాయి తాను తీసుకోవడం మాత్రమే చేస్తున్నాననుకుంటున్నాడు. కానీ టొరెంట్‌లో సినిమా ఫైలు చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. ఒక ముక్క తన ల్యాప్‌టాప్‌లోకి చేరగానే, మిగతా ముక్కలు ఇంకా వస్తుండగానే, అది అదే ఫైలు కోసం చూస్తున్న అపరిచితులకు అక్కడి నుంచి వెళ్లడం మొదలవుతుంది. అంటే అతను ప్రేక్షకుడే కాదు, పంపిణీదారు కూడా. కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ సొంత వాడుకకు కొంత వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే కానీ, ఊరూపేరూ తెలియనివారికి సినిమా పంచిపెట్టడాన్ని సొంత వాడుక అని వాదించి నెగ్గడం చాలా కష్టం.

అదే చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం, తెలిసి ఉల్లంఘించినవారికీ, అందుకు తోడ్పడినవారికీ 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు, తగిన ప్రత్యేక కారణాలను తీర్పులో నమోదు చేసి, న్యాయస్థానం అంతకంటే తక్కువ శిక్ష వేయవచ్చు. ‘అమ్ముకోవడం లేదు’ అన్న మాట శిక్ష తగ్గించడానికి పనికివస్తుందే తప్ప నేరాన్ని మాఫీ చేయదు. పైగా ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా లభించని నేరమని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

ఇక సాఫ్ట్‌వేర్ నిషేధం సంగతి. పెద్ద ఫైళ్లను న్యాయబద్ధంగా పంచుకోవడానికి కూడా అదే పరిజ్ఞానం వాడుతున్నారు కాబట్టి, న్యాయస్థానాలు సాధనాన్ని కాక దాన్ని నడిపేవారి ఉద్దేశాన్ని చూస్తున్నాయి. అమెరికా సుప్రీంకోర్టు 2005లో, ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్ అందించిన గ్రోక్‌స్టర్ సంస్థ కేసులో, హాలీవుడ్ సంస్థల పక్షాన ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చినప్పుడు ఆధారం చేసుకున్నది ఇదే: అప్పటికే మూతపడిన, పాటల ఫైళ్లు పంచుకునే నాప్‌స్టర్ సేవ వినియోగదారులను తమ వైపు రప్పించుకోవాలని చూడటం, దొంగ ఫైళ్లను వడపోసే ఏర్పాటేదీ చేయకపోవడం, వాడకం పెరిగినకొద్దీ ప్రకటనల మీద సంపాదించడం.

మన దగ్గర నిర్మాతలు ఎక్కువగా ఎంచుకున్న దారి, గుర్తు తెలియని ప్రతివాదులపై ముందస్తు ఉత్తర్వులు తెచ్చుకోవడం. 2012లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన అలాంటి ఉత్తర్వును పట్టుకుని ఇంటర్నెట్ సంస్థలు మొత్తం సైట్లనే మూసేయడంతో మామూలు వినియోగదారులు నష్టపోయారు. ఫలానా సినిమా ఉన్న లింకులనే ఆపాలని కోర్టు తర్వాత వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఒక పేరు ఆపితే మరో పేరుతో పుట్టుకొచ్చే సైట్ల విషయంలో, 2019లో ఢిల్లీ హైకోర్టు ప్రతిసారీ కొత్త దావా అక్కర్లేకుండా, నకలు సైట్లను పాత ఉత్తర్వులోనే చేర్పించుకునే వీలు కల్పించింది. దొంగ సరుకు చూసేవారిలో యువకులే ఎక్కువని గమనించి, వారికి ముందు హెచ్చరిక, వినకపోతే జరిమానా అనే విధానాన్ని పరిశీలించమని కేంద్రానికి సూచించింది కూడా. ఇది నాకు ఎంతో సమంజసంగా తోస్తుంది. థియేటర్లో కెమెరా పెట్టినవాడినీ, ఎడిటింగ్ గది నుంచి కాపీ బయటపెట్టినవాడినీ వదిలి, హాస్టల్ కుర్రాడిని జైలుకు పంపితే, లైట్‌బాయ్ నుంచి నిర్మాత దాకా ఆ సినిమా మీద బతికేవారికి ఒరిగేదేమీ ఉండదు.

మీరు చేయవలసిన పని ఒకటుంది. టొరెంట్‌లో పాల్గొనే ప్రతి కనెక్షన్ ఐపీ చిరునామా మిగతావారికి కనిపిస్తుంది. నిర్మాతల తరఫువారు దాన్నే నమోదు చేసుకుంటారు. ఆ చిరునామా కనెక్షన్‌ను చూపుతుందే కానీ మనిషిని కాదు కనుక, విచారణ మొదట హాస్టల్ యజమాని దగ్గరికే వెళుతుంది. అందుచేత ఆ ప్రోగ్రాంను వెంటనే ఆపించండి. ఈలోగా నోటీసు ఏదైనా వస్తే, ల్యాప్‌టాప్‌లో దేన్నీ చెరపకుండా, న్యాయవాదిని కలిశాకే జవాబు ఇవ్వండి.