పక్కనే థర్మల్ స్టేషన్ ఉంటే, మనం ఫ్యాన్ మార్చి ఏం లాభం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మహారాష్ట్రలోని మన చంద్రపూర్‌లో కళ్లముందే థర్మల్ స్టేషన్ చిమ్నీలు పొగ వదులుతుంటే, ఒక మామూలు కుటుంబం కార్బన్ తగ్గించడానికి చేయగలిగింది ఏమైనా ఉందా, లేక ఇవన్నీ కబుర్లేనా?

నేను చంద్రపూర్ పక్కనే ఉన్న బల్లార్షాలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను. బొగ్గు గనిలో పని కోసం మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కాబట్టి ఆ బొగ్గు తిండీ తిన్నాం, దాని బూడిదా తింటున్నాం.

ఆ స్టేషన్ సామర్థ్యం 2920 మెగావాట్లు. మన ఒక్క ఇల్లు దాన్ని ఆపలేదు. అయినా లెక్క మన మీటర్ దగ్గరే మొదలవుతుంది. దేశం మొత్తం మీద చూస్తే గ్రిడ్ కరెంటు ఒక యూనిట్ వాడినప్పుడల్లా దాదాపు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది.

ముందు ఫ్యాన్లు చూడండి. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు తాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 30 చాలు. మన దగ్గర రోజుకు పదిహేను గంటలు ఫ్యాన్ తిరగడం మామూలే. మూడు ఫ్యాన్లు మారిస్తే నెలకు 60 యూనిట్లు మిగులుతాయి. అంటే దాదాపు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్. వంటింటి గ్యాస్ సిలిండర్ ఒకటి పూర్తిగా కాలిస్తే వచ్చేది కూడా ఇంచుమించు అంతే. కాలిపోయిన పాత ఫ్యాన్‌ని రీవైండింగ్‌కి తెచ్చేవాళ్లకు నేను ఇదే చెబుతున్నాను. నా షాపుకే నష్టం, మా ఇంట్లో తిట్లు కూడా పడుతున్నాయి.

ఎండాకాలం సంగతి వేరు. 46, 47 డిగ్రీలు మనకు కొత్త కాదు. కానీ ఇక్కడిది పొడి వేడి, అందుకే కూలర్ బాగా పనిచేస్తుంది. కూలర్‌కి 200 వాట్ల చుట్టూ చాలు, ఒకటిన్నర టన్ను ఏసీకి 1500 దాకా కావాలి. కూలర్ చల్లగా లేదని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి మోటార్ బాగానే ఉంటుంది. కూలర్‌ని గదిలో పెట్టి తలుపులన్నీ మూసేస్తారు. దాన్ని కిటికీ బయట పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ తెరవాలి, తేమ గాలి బయటికి పోవాలి. మన నీళ్లకు ఉప్పు పేరుకుని గడ్డి బిగుసుకుపోతుంది, ప్రతి సీజన్‌కీ మార్చాల్సిందే. కూలర్ నీళ్లు బాగా తాగుతుంది, అది ఒప్పుకోవాలి. వానలు పడ్డాక దానివల్ల ఉపయోగం లేదు. పై అంతస్తులో ఉంటే స్లాబు మీద మార్చిలోనే తెల్ల సున్నం కొట్టించండి.

సొంత ఇల్లయితే సోలార్. ఇంటి పైకప్పు సోలార్‌కి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక్కో కిలోవాట్ రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. మన ఊళ్లో బొగ్గు దుమ్ము పలకల మీద పడుతుంది కాబట్టి తరచుగా కడగాలి, అదీ పొద్దున్నే, అద్దం వేడెక్కకముందు. సోలార్ లేకపోయినా నీళ్ల మోటార్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పగలే కానివ్వండి. పొద్దుగూకితే గ్రిడ్‌లో సోలార్ ఉండదు, భారం ఎక్కువగా బొగ్గు మీదే పడుతుంది.

ఎవరూ చెప్పనిది ఒకటుంది, ఏసీ గ్యాస్. ఇప్పటికీ చాలా ఏసీల్లో ఉన్న ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక్క కిలో గాలిలోకి పోతే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మూడు ఫ్యాన్లు మార్చి నాలుగేళ్లలో తగ్గించింది ఒక్క పూటలో పోయినట్టే. ఇల్లు మారేటప్పుడు మెకానిక్ పైపు విప్పి గ్యాస్ వదిలేయబోతే ఆపి, పంప్‌డౌన్ చేయమనండి. గ్యాస్ అంతా బయటి యూనిట్‌లోకి చేరాకే పైపులు విప్పుతాడు. ప్రతి ఏడూ గ్యాస్ నింపుతున్నాడంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ముందు అది పట్టుకుని అతికాకే నింపమనండి.